యాడ్ చూస్తే కళ్ళు తడుస్తున్నాయి, ఆ తడి నాదా వాళ్ళదా?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది, ఆరు పేజీలు, అందులో రెండు పేజీలు పట్టికలే. అవును, పట్టికలు. మొత్తం వెయ్యలేను కాబట్టి కుదించి చెప్తాను, రాసినాయన పేరు, ఊరు వద్దన్నారు.

ఆయనకి 41 ఏళ్ళు. ఆడిట్ పని, అంటే రోజంతా వేరేవాళ్ళ లెక్కల్లో తేడా ఎక్కడుందో వెతకడమే ఉద్యోగం. ఇంట్లో భార్య, 9 ఏళ్ళ కూతురు. ఏడాది కిందట ఒక రాత్రి భోంచేస్తూ టీవీ చూస్తుంటే మొబైల్ కనెక్షన్ యాడ్ ఒకటి వచ్చింది. ఒక ముసలాయన ఒక్కడే ఉంటాడు, సాయంత్రం అయ్యేసరికి తల దువ్వుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఫోన్ మోగుతుంది. ఎత్తే ముందు చొక్కా అంచుతో స్క్రీన్ తుడుస్తాడు, కూతురు స్పష్టంగా కనపడాలని. అంతే, ఈయన గొంతులో ముద్ద ఆగిపోయింది.

అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం వచ్చేది కాదు. ఆ రాత్రి ఒంటిగంట దాకా నాకెందుకు ఏడుపొచ్చింది అని ఆలోచిస్తూ పడుకున్నారు. మర్నాడు ఆ యాడ్‌ని ఫోన్‌లో వెతికి 14 సార్లు చూశారు. 40 సెకన్ల యాడ్‌లో కన్నీళ్ళు 26వ సెకను దగ్గర వస్తున్నాయని కనిపెట్టారు, సరిగ్గా అక్కడే పియానో తగ్గి వయొలిన్ ఎత్తుకుంటుందట. సౌండ్ తీసేసి చూస్తే రాలేదు. బొమ్మ చూడకుండా మ్యూజిక్ ఒక్కటే వింటే కొంచెం వచ్చింది. తొమ్మిదోసారి నుంచి అసలేమీ రాలేదు, అప్పుడు ఇంకో భయం పట్టుకుంది, అయితే మొదటిసారి వచ్చింది అబద్ధమా అని. ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టారు. యాడ్ పేరు, కంపెనీ, ఏమనిపించింది, ఏ సెకనులో, ఎంతసేపు, చివరి గడిలో "నిజమైనదా, చేయించినదా". ఆ చివరి గడిలో చాలావరకు ప్రశ్నార్థకం గుర్తే ఉంది. నేల తుడిచే లిక్విడ్ యాడ్‌కి కూడా ఒక ఎంట్రీ ఉంది, అది చదివి నేను నవ్వాను, ఏమనుకోకండి.

ఇంకా ఉంది. నన్ను ఏడిపించి అమ్ముకుంటాడా అని కోపమొచ్చి ఆ కంపెనీ కనెక్షన్ తీసేసి వేరే కంపెనీకి మారారు. ఆ కొత్తదానికి ఇంట్లో సిగ్నల్ లేదు. వాళ్ళమ్మగారు ఫోన్ చేస్తే బాల్కనీ చివరకి పరిగెత్తి, ఒక చెవి మూసుకుని మాట్లాడుతున్నారట, అయినా సగం మాటలు వినపడవట. భార్య ఒకసారి విసుగొచ్చి "ఏడుపొస్తే ఏడవండి, లేకపోతే రిమోట్ ఇటివ్వండి" అందట. ఆవిడ మాట ఈ సమస్య మీద ఇప్పటిదాకా వచ్చిన అన్ని సలహాల్లోకీ మంచిదని నా అభిప్రాయం, కానీ ఉత్తరం నాకు రాశారు కాబట్టి నేను కూడా ఏదో చెప్పాలి.

అసలు ఆయన్ని ఉత్తరం రాయించింది మాత్రం కూతురి సంగతి. రెండు నెలల కిందట ఒక యాడ్‌లో ముసలి కుక్క ఒకటి బస్టాప్‌లో ఎవరికోసమో ఎదురుచూస్తుంటే పాప వెక్కివెక్కి ఏడ్చింది. ఈయన టీవీ ఆపేసి పక్కన కూర్చుని వివరించారు, చూడమ్మా, అది శిక్షణ ఇచ్చిన కుక్క, కెమెరా పక్కన ఎవరో తినేది చూపిస్తారు అందుకే అటు చూస్తుంది, మ్యూజిక్ తర్వాత కలుపుతారు, అది నిజానికి ఎవరికోసమూ ఎదురుచూడట్లేదు అని. పాప కళ్ళు తుడుచుకుని అడిగిందట, "అయితే దానికి ఎవరూ లేరా నాన్నా?" అని. అప్పట్నుంచి ఏ యాడ్ వచ్చినా పాప టీవీ కన్నా ముందు నాన్న మొహం వైపు చూస్తోందట.

ఆయన అడిగినవి మూడు. నాలో ఏదైనా లోపముందా? ఈ యాడ్‌లు నా భావోద్వేగాల్ని పాడుచేస్తున్నాయా? టీవీ తీసేయమంటారా?

ఇక మీతోనే నేరుగా మాట్లాడతాను.

లోపం సంగతి ముందు తేల్చేద్దాం, అది త్వరగా అయిపోయేది. మీకు జరిగినదానికి మనస్తత్వ శాస్త్రంలో పేరు కూడా ఉంది. అలన్ ఫిస్క్, ఆయనతో పనిచేసే పరిశోధకులు దీన్ని "కామ మూత" అంటారు, సంస్కృతం నుంచి తీసుకున్న మాట, ప్రేమకి కదిలిపోవడం అని వాళ్ళ అర్థం (మనకి మూత అంటే గిన్నె మీద పెట్టేది, అది వేరే సంగతి). గుండెల్లో వెచ్చగా అవ్వడం, గొంతు పూడుకుపోవడం, కళ్ళు చెమ్మగిల్లడం, ఒళ్ళు జలదరించడం, ఇవి దాని గుర్తులు. ఎప్పుడొస్తుందంటే ఇద్దరి మధ్య దగ్గరితనం ఉన్నట్టుండి ఒక్కసారిగా పెరిగినప్పుడు. ముఖ్యంగా అప్పటిదాకా దూరం ఉండి, అది చటుక్కున చెరిగిపోయినప్పుడు. ఎయిర్‌పోర్ట్‌లో ఎవరో ఎవర్నో వాటేసుకుంటే సంబంధం లేని మనకి కూడా కళ్ళు తడుస్తాయి చూడండి, అదే. మనవాళ్ళే అవ్వాలని లేదు, చూస్తే చాలు.

ఇప్పుడు మీ యాడ్ మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. 25 సెకన్లు దూరం చూపించారు. 26వ సెకనులో ఒక ముసలి చెయ్యి చొక్కా అంచు పట్టుకుని స్క్రీన్ తుడిచింది. స్క్రీన్ తుడిస్తే ఆయనకి కూతురు బాగా కనపడుతుందేమో గానీ, ఆయన చేసింది మాత్రం గడపలో ఎవరో రాబోతుంటే వాకిలి ఊడ్చుకున్నట్టుంది. అది చూసి ఏమీ అనిపించకపోతే అప్పుడు రాయాల్సింది ఉత్తరం. ఆ యాడ్ తీసినవాళ్ళకి పని బాగా వచ్చు, మీకు చూడడం బాగా వచ్చు, ఇక్కడ లోపం ఎవరికీ లేదు.

తొమ్మిదోసారికి ఎందుకు రాలేదు అంటారా. ఒకే జోక్ తొమ్మిదోసారి చెప్తే నవ్వు రాదు. అంతమాత్రాన మొదటిసారి నవ్వింది దొంగ నవ్వు అయిపోదు కదండీ. దూరం ఉన్నట్టుండి చెరిగిపోతేనే ఆ భావం పుడుతుంది అనుకున్నాం, తొమ్మిదోసారికి మీకు ప్రతి ఫ్రేమూ కంఠతా వచ్చేసింది, ఇంక ఉన్నట్టుండి అనేది ఎక్కడుంది? పైగా మీరు స్టాప్‌వాచ్ పట్టుకుని కన్నీళ్ళ కోసం కాపలా కాస్తున్నారు. కాపలా కాస్తుంటే నిద్రే రాదు, ఏడుపెలా వస్తుంది.

రెండో ప్రశ్న కొంచెం లోతైనది, యాడ్‌లు మనల్ని ఏమైనా చేస్తున్నాయా అని. చేస్తున్నాయి, దాచడానికేం లేదు. 1941 జులై 1న న్యూయార్క్‌లో వచ్చిన బులోవా వాచీ ప్రకటనని మొదటి టీవీ యాడ్‌గా చెప్తారు. దాదాపు 10 సెకన్లు, అమెరికా మ్యాప్ మీద ఒక గడియారం, ఒక వాక్యం, అంతే. అందులో ముసలాయన లేడు, కుక్క లేదు, వయొలిన్ లేదు. అక్కడినుంచి ఇక్కడిదాకా ఎందుకొచ్చారంటే మనుషులు వస్తువు గుణాలు మర్చిపోతారు గానీ ఆ క్షణంలో కలిగిన భావం ఎక్కడో మిగులుతుందని వాళ్ళకి అర్థమైంది కాబట్టి. ఊరికే పదే పదే కనపడితేనే ఒకదాని మీద కాస్త ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే శాస్త్రవేత్త 1968లోనే చూపించాడు. దానికి తోడు భావోద్వేగం కలిస్తే ఇక చెప్పేదేముంది.

కానీ మీ ఉత్తరంలో యాడ్ వాడు మంత్రగాడిలా కనిపిస్తున్నాడు, అది మాత్రం ఒప్పుకోను. మీలాంటి భయం చాలా పాతది. 1957లో జేమ్స్ వికరీ అనే మార్కెటింగ్ మనిషి, సినిమా మధ్యలో కంటికి అందనంత వేగంగా "పాప్‌కార్న్ తినండి" అని మెరిపిస్తే అమ్మకాలు పెరిగాయని ప్రకటించాడు. జనం హడలిపోయారు, మా బుర్రలోకి మాకే తెలియకుండా దూరిపోతున్నారని గోల గోల. 1962కి వచ్చేసరికి ఆయనే ఒప్పుకున్నాడు, అది గిమ్మిక్కు, చెప్పుకోదగ్గ లెక్కలేమీ లేవని. ఆ ఒప్పుకోలు ఎవరికీ గుర్తులేదు, భయం మాత్రం ఇప్పటికీ చలామణిలో ఉంది.

ఇంకోటి చెప్తాను, ఇది మీ నోట్‌బుక్‌కి బాగా పనికొస్తుంది. 1982లో గెరాల్డ్ గోర్న్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. ఒక రంగు పెన్ను చూపిస్తూ కొందరికి నచ్చే పాట వినిపించాడు, కొందరికి నచ్చని పాట. తర్వాత రెండు రంగుల్లో ఒక పెన్ను తీసుకోమంటే, నచ్చిన పాట విన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పాటతో చూసిన రంగు పెన్నే తీసుకున్నారు. అమ్మో అనుకుంటున్నారా, ఆగండి. అదే పరిశోధనలో రెండో ప్రయోగం కూడా ఉంది, అందులో కొంతమందికి ముందే మీరే నిర్ణయం తీసుకోవాలి అని చెప్పి కూర్చోబెట్టారు. వాళ్ళు పాటని పట్టించుకోలేదు, పెన్ను గురించి సమాచారం ఇచ్చిన యాడ్ వైపే ఎక్కువ మొగ్గారు. 1989లో వేరే ఇద్దరు ఆ మొదటి ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూస్తే ఆ పాట ప్రభావం కూడా కనపడలేదు. అంటే ఏంటన్నమాట, మనం ఏమీ ఆలోచించకుండా చెయ్యి చాపే చోట పాట కాస్త పనిచేస్తే చెయ్యొచ్చు, కూర్చుని లెక్క చూసుకునే చోట దాని బలం తగ్గిపోతుంది. మీరేమో లెక్క చూడడమే వృత్తిగా ఉన్న మనిషి. మీ తెలివంతా కొనే చోట వాడాల్సింది పోయి ఏడ్చే చోట వాడుతున్నారు, నాకు కనపడిన చిక్కు అది.

ఇంక ఆ చివరి గడికి వస్తాను. "నిజమైనదా, చేయించినదా". ఈ గడి ఎప్పటికీ నిండదండీ, ఎందుకంటే అందులో రెండు వేర్వేరు ఖాతాలు కలిపేశారు. భావం ఎవరిది అనేది ఒక ఖాతా. దాన్ని ఎవరు ఏ పనికి వాడుకోవాలని చూశారు అనేది ఇంకో ఖాతా. మీ ఆఫీసులో ఎవరైనా ఇలా రెండు కలిపి రాసి తెస్తే మీరు ఫైల్ వెనక్కి విసిరేస్తారు. చేయించినది కాబట్టి నిజం కాదు అంటే, జోలపాటకి నిద్రపోయిన పిల్లాడి నిద్ర కూడా దొంగనిద్రే, కథ చెప్పి నవ్విస్తే వచ్చిన నవ్వు కూడా లెక్కలోకి రాదు. నాటకం చూసి ఏడ్చేవాడిని మన పెద్దవాళ్ళు మోసపోయినవాడు అనలేదు, సహృదయుడు అన్నారు. వేదిక మీద శోకం ఎవరిదీ కాదు, నటుడిదీ కాదు, మనదీ కాదు, అయినా అది మనలో కరుణ రసం అవుతుంది, దానికి మనలో ఆ తడి ముందే ఉండాలి అన్నారు. రాయి మీద ఎంత వయొలిన్ వాయించినా ఏమొస్తుంది.

అయితే నాటకానికీ యాడ్‌కీ తేడా లేదని అనట్లేదు, ఉంది. నాటకం వాడు టికెట్ ముందే తీసుకుంటాడు, ఏడిపించి పంపిస్తాడు. యాడ్ వాడు ఏడిపించాక చెయ్యి చాపుతాడు. మీకు కోపం వచ్చింది ఆ చెయ్యి చూసి, ఆ కోపం న్యాయమైనదే, దాన్ని తప్పనను. మనసు మెత్తబడిన ఆ రెండు సెకన్లలో లోగో తెచ్చి పెట్టడం మర్యాదైన పనేమీ కాదు. కానీ ఆ చెయ్యికి డబ్బులు ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టం, దానికోసం కన్నీళ్ళని బోనులో నిలబెట్టక్కర్లేదు. ఏడుపు మీది, బిల్లు వాళ్ళది, కట్టాలని రూలేం లేదు.

మీరు ఆలోచించే పద్ధతి గురించి ఒక మాట, కొంచెం గట్టిగానే. 2003లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద ఒక గ్యాస్ స్టవ్ బొమ్మ పెట్టి, ఆపానా లేదా అని జనం చేత పదే పదే చెక్ చేయించారు. చివరికి చూస్తే వాళ్ళ జ్ఞాపకం తప్పలేదు, స్టవ్ ఎలా వదిలారో సరిగ్గానే చెప్పారు. పోయిందల్లా నమ్మకం. ఎన్నిసార్లు చెక్ చేస్తే అంతగా ఆ జ్ఞాపకం మసకబారింది, నాకు నిజంగా గుర్తుందా అనే సందేహం పెరిగింది. మీ 14 సార్లు కూడా అదే కథ. మొదటిసారి చూసినప్పుడు మీకు సందేహమే లేదు, గొంతులో ముద్ద ఉంది అంతే. చెక్ చేసిన కొద్దీ ప్రశ్నార్థకాలు పుట్టాయి. మీరు ఆలోచన అనుకుంటున్నది ఆలోచన కాదండీ, నెమరువేత. ఆలోచన అయితే ఎక్కడో ఒక చోట ఆగుతుంది, ఏదో ఒకటి చేద్దాం అనిపిస్తుంది. ఇది గానుగెద్దులా తిరుగుతుంది, రాత్రి ఒంటిగంటకి కూడా బయల్దేరిన చోటే ఉంటుంది.

ఈ తిరుగుడులో మీరు గమనించనిది ఒకటుంది. యాడ్‌కి లొంగకూడదని కనెక్షన్ మార్చేశారు కదా, ఇప్పుడు మీ ఫోన్ ఏ కంపెనీదో నిర్ణయించింది ఎవరు? ఆ యాడే. కొనిపించడానికి బదులు మానిపించింది, తేడా అంతే, పగ్గం మాత్రం ఆ చేతిలోనే ఉంది. చెప్పిందల్లా చేసేవాడు, చెప్పినదానికి ఎదురు మాత్రమే చేసేవాడు, ఇద్దరూ ఆ చెప్పేవాడి మాట కోసమే చెవి ఒగ్గి కూర్చోవాలి. ఇలా చాలామంది చేస్తారు, నేనూ చేశాను. ఒక సబ్బు యాడ్ మీద మంటతో రెండేళ్ళు ఆ సబ్బు ముట్టుకోలేదు, బదులుగా వాడింది ఒంటికి పడక దురదలొచ్చాయి. ఎవరిమీద గెలిచానో ఇప్పటికీ తెలీదు.

సరే, ఇప్పుడు ఏం చెయ్యొచ్చో చూద్దాం. ఇది చెయ్యండి అని ఒకటే చెప్పను, మీ ఇల్లు, మీ తల.

టీవీ తీసేయొచ్చు. పోయేదేం లేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మొదటి వారం హాయిగా అనిపిస్తుంది. కానీ యాడ్‌లు టీవీలోనే లేవు, ఫోన్‌లో ఉన్నాయి, లిఫ్టులో ఉన్నాయి, రోడ్డు మీద పెద్ద పెద్ద బోర్డుల మీద ఉన్నాయి. పైగా మీకు వచ్చిన ఇబ్బంది 40 సెకన్ల యాడ్ వల్ల కాదు, ఆ తర్వాత నాలుగు గంటల వల్ల. టీవీ పోయినా ఆ నాలుగు గంటల అలవాటు పోదు, రేపు ఎవరి పెళ్ళిలోనో కళ్ళు తడిస్తే దానికీ ఒక గడి తయారవుతుంది. ఇంకో చిక్కు, ఒకటి చూడకూడదు, తలుచుకోకూడదు అని గట్టిగా అనుకుంటే అదే తలుపు తడుతుంది. 1987లో డేనియల్ వెగ్నర్ కొంతమందికి ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం తలుచుకోకండి అని చెప్తే, వాళ్ళు ఆపలేకపోయారు సరికదా, తర్వాత తలుచుకోవచ్చు అన్నప్పుడు ఇంకా ఎక్కువ తలుచుకున్నారు. మ్యూట్ బటన్ వరకైతే వాడండి, అది మంచిదే, సంగీతం లేకపోతే సగం పని జరగదని మీరే కనిపెట్టారు కదా.

నోట్‌బుక్ కొనసాగించాలనుంటే కొనసాగించండి, నేను చింపేయమనను. యాడ్ ఎలా అల్లారో చూడడం మంచి సరదా, కొందరికి క్రాస్‌వర్డ్ లాగ. కానీ ఒక షరతు, చివరి గడి కొట్టేయండి. దాని చోట "ఏం అమ్ముతున్నారు, నాకు కావాలా" అని పెట్టండి. ఈ ప్రశ్నకి జవాబుంది, పది సెకన్లలో వస్తుంది. రోజుకి ఒక టైమ్ పెట్టుకోండి, ఒక పదిహేను నిమిషాలు, పడుకునే ముందు మాత్రం కాదు. మిగతా వేళల్లో ఆ ఆలోచన వస్తే సాయంత్రం ఆరింటికి రా అని వాయిదా వెయ్యండి. మొదట్లో ఇది పిచ్చిపనిలా ఉంటుంది. ఆందోళనలకి ఇలా వేళ కేటాయించడం చికిత్సలో వాడే పద్ధతే, చాలాసార్లు ఆరయ్యేసరికి ఆ ఆలోచనకే ఓపిక ఉండదు. దీనివల్ల వచ్చే ప్రమాదం ఒకటే, మీరు ఆడిటర్ కాబట్టి ఆ పదిహేను నిమిషాలకి కూడా ఇంకో పట్టిక గీస్తారేమో అని నా భయం.

మూడోది మీ ఆవిడ చెప్పిందే. ఏడుపొస్తే రానివ్వండి. అది ఒక నిమిషంలో దానంతట అదే దిగిపోతుంది, మీరు పట్టుకోకపోతే. కళ్ళు తుడుచుకుని అన్నం తినడం కొనసాగించండి. దీనికి మీరు చెల్లించాల్సింది ఉంది, ఎందుకు వచ్చిందో తేల్చకుండా వదిలెయ్యాలి, లెక్క తేలకుండా ఫైల్ మూసెయ్యడం మీకు ఒళ్ళు మండే పని, తెలుసు. మొదటి కొన్నిసార్లు ఒంట్లో దురదలాగా ఉంటుంది. నా ఓటు దీనికే, కానీ మొదటి నెల కష్టమైనది కూడా ఇదే.

నాలుగో దారి, ఒక సైకాలజిస్ట్‌ని కలవడం. ఇది ఎప్పుడంటే, ఈ తిరుగుడు వల్ల నిద్ర చెడుతున్నా, పనిలో తప్పులు దొర్లుతున్నా, యాడ్‌లనే కాకుండా తలుపు తాళం, స్నేహితుడి మాట, అన్నీ ఇలాగే చెక్ చేస్తున్నా ఆలస్యం చెయ్యకండి. రెండు వారాలకి మించి దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, ఏదీ ఇష్టం అనిపించకపోయినా అంతే. అసలు లోపల ఏ బాధా లేకుండా ఆపుకోలేని ఏడుపో నవ్వో వస్తుంటే అది నరాల డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం, అలాంటి జబ్బు ఒకటుంది. మీ ఉత్తరం చదివితే అది కాదనే అనిపిస్తోంది, అయినా నేను డాక్టర్‌ని కాదు.

ఇప్పుడు పాప. ఇందాకటి నుంచి నేను ఇక్కడికి రావాలనే చూస్తున్నాను.

మీరు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. 8 ఏళ్ళలోపు పిల్లలకి యాడ్ అనేది అమ్మడానికే ఉందని సరిగ్గా అర్థం కాదు, కాబట్టి ఎవరో ఒకరు చెప్పాల్సిందే, మీ పాపకి 9, చెప్పడానికి సరైన వయసే. కానీ మీరు చెప్పిన వేళ చూడండి. పిల్ల ఒక కుక్క కోసం ఏడుస్తోంది. మీరు ఆ కుక్కకి ఎదురుచూపు కూడా లేకుండా చేశారు. అప్పటిదాకా దానికి రాని మనిషి ఒకడైనా ఉన్నాడు, మీ వివరణ తర్వాత ఆ మనిషి కూడా పోయాడు. "అయితే దానికి ఎవరూ లేరా" అని అడిగిందంటే పిల్ల మీ మాట చాలా శ్రద్ధగా విన్నది. మీరు ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పారో ఉత్తరంలో లేదు. ఏమీ చెప్పలేదనుకుంటాను.

ఆమె ఇప్పుడు టీవీ కన్నా ముందు మీ మొహం చూస్తోందంటే, ఏడవచ్చా లేదా అని అనుమతి అడుగుతోంది. ఇది కోపంతో చెప్పట్లేదు. మీరు మీ మీద పెట్టిన ఆడిట్ మెల్లగా ఆమె మీదకి కూడా వెళ్తోంది. పెద్ద పెద్ద ఉపన్యాసాలేం అక్కర్లేదు, క్షమాపణల సభ కూడా వద్దు. ఈసారి అలాంటి యాడ్ వచ్చినప్పుడు పక్కన కూర్చోండి చాలు. మీ కళ్ళు కూడా తడిస్తే దాచకండి, అది చూస్తే ఆమెకి అనుమతి వచ్చేసినట్టే. యాడ్ ఎలా తీస్తారో మర్నాడు చెప్పండి, ఇద్దరూ కలిసి నవ్వుకుంటూ, ఫోన్‌లో ఒక యాడ్ మీరే తీసి చూపించండి, ఏ చెత్తబుట్టకో విషాద సంగీతం పెట్టి. ఆ ఆట ఒక్కసారి ఆడిన పిల్లకి మ్యూజిక్ ఏం చేస్తుందో జన్మలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కుక్క ప్రశ్నకి కూడా ఒక జవాబు బాకీ ఉన్నారు. ఉన్నారమ్మా, దానికి శిక్షణ ఇచ్చిన మనిషి ఒకరు ఉంటారు, షూటింగ్ అయ్యాక దాన్ని ఇంటికి తీసుకెళ్తారు అని చెప్పొచ్చు. అలాంటి కుక్కల్ని ఎవరో ఒకరు సాకాల్సిందే కాబట్టి అది అబద్ధమూ కాదు.

ఆఖరుగా ఒకటి, చెప్పాలా వద్దా అని తటపటాయించాను. ఆరు పేజీల్లో మీ అమ్మగారు వచ్చింది ఒకే ఒక్క చోట, సిగ్నల్ లేదని చెప్పే వాక్యంలో. ఫోన్ కోసం ఎదురుచూసే ముసలాయన్ని చూసి గొంతు పూడుకున్న మనిషి, అమ్మ ఫోన్ సరిగ్గా వినపడని కనెక్షన్ ఏరికోరి పెట్టుకున్నాడు. ఇందులో పెద్ద రహస్యమేదో ఉందని నేను అనట్లేదు, మనసులు చదివేదాన్ని కాదు నేను. ఉండొచ్చు, లేకపోవచ్చు. దయచేసి దీన్ని మాత్రం నోట్‌బుక్‌లో ఏడో గడిగా చేర్చకండి, దీనిమీద రాత్రి ఒంటిగంట దాకా కూర్చోకండి.

పాత కంపెనీకే వెళ్తారో, మూడో కంపెనీకి వెళ్తారో మీ ఇష్టం, ఎవరి యాడ్ బాగుందో చూడకండి, మీ ఇంట్లో ఎవరి సిగ్నల్ ఉందో చూసి ఈ వారమే మార్చేయండి. పాపం ఆవిడ ఎన్నాళ్ళని అటువైపు నుంచి "హలో, హలో, వినపడుతోందా" అంటూ ఉంటారు.